సీసాల కాలేజీలో అనసూర్య

పర్శరాములుకు చలిజ్వరం పట్టుకున్న ఏడు వరంగల్లులో కొయినా గోళీలకు కరువు వచ్చింది. యుద్ధం ఎక్కడో సముద్రాల అవతల జరుగుతోంది. కొయినా చెట్లు పెరిగే దీవులను జపాను వాళ్లు పట్టుకున్నారని, అందుకే మందు రావడం లేదని కంపౌండర్లు చెప్పేవాళ్లు. అంతకుముందు ఒళ్లు వెచ్చబడ్డ ప్రతి మనిషికీ నాలుగు గోళీలు పొట్లం కట్టి పంపేవాళ్లు. ఇప్పుడు హన్మకొండలోని మిషన్ దవాఖానలో కొత్త కట్టుబాటు పెట్టారు. వేలి కొసన పొడిచి చుక్క రక్తం తీస్తారు. దాన్ని గాజు పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూస్తారు. చలిజ్వరం పురుగు కనపడితేనే గోళీ. లేకుంటే కషాయం తాగి ఇంటికి పోవాల్సిందే.

పర్శరాములు మట్టెవాడలో నూలుకు రంగులు వేసే మనిషి. చీర చిరిగినా ఆయన వేసిన రంగు వదలదని సాలెవాడల్లో పేరు. యుద్ధం పుణ్యమా అని జర్మనీ నుంచి వచ్చే రంగు డబ్బాలు ఆగిపోయాయి, ఇంటి వెనక నూలు ముంచే రంగు గోలాలు సగానికి సగం బోర్లించి ఉన్నాయి. చేతిలో పని లేనప్పుడే జ్వరం కూడా వచ్చి కూర్చుంది. రోజు విడిచి రోజు, సరిగ్గా మధ్యాహ్నం కాగానే పళ్లు టకటకలాడేవి. భార్య రాములవ్వ ఇంట్లో ఉన్న బొంతలన్నీ కప్పి, వాటి మీద తానే వంగి పట్టుకున్నా వణుకు ఆగేది కాదు. ఆఖరుకు పదిహేడేళ్ల కూతురు అనసూర్య తండ్రిని టాంగా ఎక్కించి హన్మకొండకు తీసుకుపోయింది.

అనసూర్య మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. తర్వాత నాలుగేళ్లుగా ఇంట్లోనే నూలు కండెలు చుడుతూ, తండ్రి పక్కన రంగు గోలాల దగ్గర నిలబడి నూలు ముంచుతూ ఉంది. దవాఖానలో ఏ చీటీ ఎక్కడ చూపాలో ఆమే చదివి కనుక్కుంది. వసారా కొసన ఒక చిన్న గది. అందులో బల్ల మీద వరసగా గాజు పలకలు ఆరబెట్టి ఉన్నాయి. తెల్లచీర కట్టుకుని, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకున్న ఒక నడివయసు ఆవిడ ఆ పలకలను వెలుతురుకు ఎత్తి చూసి, విసుక్కుని, మళ్లీ కింద పెడుతోంది. ఆమె పేరు విమలమ్మ. మద్రాసు వైపు పెద్ద దవాఖానలో రక్త పరీక్షలు నేర్చుకుని వచ్చిన మనిషి. తండ్రి వేలి నుంచి రక్తం తీశాక అనసూర్య అక్కడి నుంచి కదలలేదు. పలకల వైపే చూస్తూ నిలబడింది.

ఆ పలకలు గులాబీ రంగులో ఉండాలి. నేరేడుపండు తొక్కలా నల్లనీలంగా ఉన్నాయి. అంత ముదురు రంగులో పురుగు ఎక్కడ దాక్కుందో ఎవరికి తెలుస్తుంది. రంగు పొడి పాతబడిందేమో అని విమలమ్మ పైకే అనుకుంది.

“పొడి తప్పు కాదమ్మా, నీళ్ల తప్పు,” అంది అనసూర్య. “ఏ నీళ్లతోని కడుగుతాన్లు?”

దవాఖాన బావి నీళ్లేనని విమలమ్మ చెప్పింది. నీళ్లు ఆవిరిపట్టి శుద్ధిచేసే గాజుపాత్ర పగిలి ఆరు నెలలైందని, యుద్ధకాలంలో ఇంకొకటి దొరకడం లేదని కూడా చెప్పింది. ముక్కూ మొహం తెలియని పిల్లకు అదంతా ఎందుకు చెబుతున్నానా అని ఆమెకు అప్పుడు తోచలేదు.

“బాయి నీళ్లు సవుడువి. గులాబిని నీలిదిక్కు గుంజుతయి. మా నాయిన గులాబి రంగుకు వాననీళ్లు తప్ప వేరే ముట్టడు. మా ఇంట్ల రెండు కుండలున్నయి, రేపు తెస్త.”

మరునాడు ఆమె నిజంగానే వాననీళ్ల కుండ చంకన పెట్టుకుని వచ్చింది. ఆ నీళ్లతో కడిగిన మొదటి పలక, పర్శరాములు రక్తం పూసిందే, చిగురుటాకులా లేత గులాబీగా తేలింది. విమలమ్మ దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, చాలాసేపు చూసి, లేచి అనసూర్యను కూర్చోబెట్టింది. మొదట కనురెప్పల వెంట్రుకలు తప్ప ఏమీ కనపడలేదు. తర్వాత ఒక్కసారిగా వందల గుండ్రటి బిళ్లలు, వాటిలో ఒకదాని లోపల సన్నటి నీలి ఉంగరం, ఉంగరానికి పొదిగిన రాయిలా ఎర్రటి చుక్క. అదే మీ నాయినను వణికిస్తున్న పురుగు అని విమలమ్మ చెప్పింది. అనసూర్య తల ఎత్తకుండానే, ఇంకోటి ఉంది, దాని పక్కన ఇంకోటి ఉంది అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

పర్శరాములుకు గోళీలు దొరికాయి, వారంలో లేచి తిరిగాడు. కానీ అనసూర్య మనసు ఆ గదిలోనే ఉండిపోయింది. అదే సమయంలో దవాఖాన పెద్దలు ఒక ఆలోచన చేశారు. ఊరూరా ఉన్న చిన్న దవాఖానలకు రక్తం, మలమూత్రాలు పరీక్ష చేసే మనుషులు కావాలి. వాళ్లను మద్రాసు పంపి చదివించే రోజులు కావివి. అందుకని ఇక్కడే ఒక ఏడాది తరగతి పెట్టి, చివర హైదరాబాదు నుంచి ఒక డాక్టరును పిలిపించి పరీక్ష చేయించి, పట్టా ఇవ్వాలి అనుకున్నారు. గేటు మీద అంటించిన కాగితంలో దాన్ని కాలేజీ అని రాశారు. ఊళ్లో జనం సీసాల కాలేజీ అని పేరు పెట్టారు. మొదటి జట్టుకు అయిదుగురు కావాలి. విమలమ్మ స్వయంగా మట్టెవాడకు వచ్చి, రంగు గోలాల మధ్య పీట మీద కూర్చుని, మీ బిడ్డను పంపండి అని అడిగింది.

పర్శరాములు వెంటనే తల ఊపాడు. రంగు తెలిసిన చెయ్యి ఎక్కడైనా బతుకుతుందని ఆయన నమ్మకం. రాములవ్వ మాత్రం ఒప్పుకోలేదు. కూతురు చదువుకోవడం ఆమెకు ఇష్టమే, పంతులమ్మ అయితే ఇంకా ఇష్టమే. కానీ ఎవరివో మలమూత్రాలు ముట్టుకునే చదువు ఏం చదువు అని అడిగింది. రెండు రోజులు పొయ్యి దగ్గర గిన్నెల చప్పుడు మామూలు కంటే ఎక్కువగా వినిపించింది. మూడో రోజు ఆమె ఒక షరతు పెట్టింది. సాయంత్రం ఇంటికి రాగానే గడప అవతలే స్నానం చేసి, చీర మార్చుకున్నాకే లోపలికి రావాలి. ఆ రోజు నుంచి ఏడాది పొడుగునా, వానలో కూడా, గడప పక్కన వేడినీళ్ల బకెట్టు, దండెం మీద పొడిచీర అనసూర్య కోసం కాచుకుని ఉండేవి. షరతు పెట్టింది తానే అయినా నీళ్లు చల్లారకుండా చూసుకునే బాధ్యతా రాములవ్వదే.

తరగతిలో అనసూర్య కాక మిగతా నలుగురూ క్రైస్తవ కుటుంబాల వాళ్లు. అందరిలో పొడవైనవాడు జయరాజు. డోర్నకల్ నుంచి వచ్చాడు. వాళ్ల నాన్న రైలు గార్డు. పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. విమలమ్మ ఒక్కో పేజీ చదివి తెలుగులో విడమర్చి చెప్పేది, అయిదుగురూ రాసుకునేవాళ్లు. ఇంగ్లీషులో జయరాజు ముందుండేవాడు. రంగులు కలపడంలో, పలకకు రంగు పట్టించడంలో అనసూర్యను దాటేవాళ్లు లేరు. ఎంతసేపు ఉంచాలో గడియారం చూసి చెప్పమని పుస్తకంలో ఉంటే, ఆమె పలకను వంచి చూసి ఇక చాలు అనేది.

వేలు పొడవడం ఒకరి మీద ఒకరు నేర్చుకోవాలి. మొదటి రోజే ఒక విచిత్రం బయటపడింది. జయరాజు ఎవరి రక్తం అయినా నదురూ బెదురూ లేకుండా తీస్తాడు. తన వేలి మీద చుక్క పొడుచుకు వచ్చేసరికి మాత్రం ఆరడుగుల మనిషి గోడకు జారి కూర్చున్నాడు. గదిలో సీసాలు కడిగే సమ్మమ్మ వచ్చి మొహాన నీళ్లు కొట్టింది. ఆ తర్వాత అతని వంతు వచ్చినప్పుడల్లా సమ్మమ్మ చెంబుతో వెనకాల నిలబడేది. సమ్మమ్మకు అరవై ఏళ్లుంటాయి. ఆమె కడిగిన సీసా మీద వేలు రాస్తే కిర్రుమనేది. ఆమె నోట్లో మాత్రం ఏ సంగతీ ఒక పూట నిలిచేది కాదు.

జనం చేత పరీక్షకు మలం తెప్పించడం ఇంకో పాఠం. కొంచెం చాలు అని చెబితే కొంచెం అంటే ఎంత అని అడిగేవాళ్లు. అగ్గిపెట్టెలో తెచ్చిన వాళ్లు తెలివైన వాళ్ల కింద లెక్క. మోదుగాకు పొట్లాలు వచ్చేవి, కొబ్బరి చిప్పలు వచ్చేవి. రఘునాథపల్లి నుంచి ఒక పెద్దమనిషి మూతకు గుడ్డ కట్టిన కుండ ఒకటి నెత్తిన పెట్టుకుని వచ్చాడు. దవాఖాన వాళ్లు నోరు తెరిచి అడిగినప్పుడు తక్కువ తెస్తే మర్యాద కాదని మూడు రోజులు ఆగి తెచ్చాడట. జయరాజు ముక్కు మూసుకుని వసారాలోకి పోయాడు. అనసూర్య మాత్రం ఆయనను కూర్చోబెట్టి, తాత, మంచిగ తెచ్చినవు, ఇందులో గింత చాలు అని చెప్పి, అగ్గిపుల్ల కొసతో తీసుకుంది. కడుపులో పెరిగే కొంకిపురుగుల గుడ్లు దొరికాయి. మందు తీసుకుపోయిన ఆ పెద్దమనిషి మళ్లీ నెలకు బుట్టెడు సీతాఫలాలు తెచ్చి ఇచ్చాడు.

దవాఖానలో కరెంటు లేదు. మైక్రోస్కోపుకు అడుగున ఉండే చిన్న అద్దంలో ఎండ పడితేనే ఏమైనా కనపడేది. పొద్దున తూర్పు కిటికీ దగ్గర మొదలైన బల్ల మధ్యాహ్నానికి వసారాలోకి, సాయంత్రానికి పడమటి గుమ్మం దాకా వచ్చేది. బల్లను అయిదుగురూ మోసేవాళ్లు. మబ్బు పట్టిన రోజు మూత్ర పరీక్షలు పెట్టుకునేవాళ్లు. వాటికి ఎండతో పని లేదు. గాజు గొట్టంలో నీలిమందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద ఉడికించాలి. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం ఉంది. పసుపు, నారింజ దాటి ఇటుక ఎరుపుకు వస్తే చాలా ఉంది, మనిషికి చక్కెర జబ్బు ఉన్నట్టు. ఏ పరీక్ష మొదలుపెట్టినా విమలమ్మ ఒకటే మాట చెప్పేది. చూసింది రాయండి, అనుకున్నది రాయకండి. వినీ వినీ అయిదుగురికీ అది తమ పేరు పిలిచినంత మామూలైపోయింది.

మరుసటి ఏడు ఏప్రిల్‌లో పరీక్ష పెట్టారు. హైదరాబాదు నుంచి డాక్టర్ కిషన్ రావు వచ్చాడు. నల్ల షేర్వాణీ, ఎత్తు టోపీ, గంభీరమైన గొంతు. యాభై దాటిన మనిషి. ఉదయం నోటి ప్రశ్నలు అడిగాడు. అడుగుతున్నంతసేపూ కూజా పక్కనే పెట్టుకుని గ్లాసు మీద గ్లాసు నీళ్లు తాగాడు. ఎండాకాలం, అందరూ తాగుతున్నారు, ఎవరూ పట్టించుకోలేదు. మధ్యాహ్నం దవాఖాన వాళ్లు పెట్టిన భోజనంలో బెల్లం పూర్ణం బచ్చాలు నాలుగు తిని, వంట మనిషిని పిలిచి మెచ్చుకున్నాడు.

భోజనం అయ్యాక చేతి పని పరీక్ష. బల్ల మీద అయిదు మూత్రం సీసాలు, ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు. వార్డుల్లోని రోగుల నుంచి నాలుగు తెచ్చారు. అయిదింటిలో ఒకటైనా ఏ జబ్బూ లేని మనిషిది ఉండాలని కిషన్ రావుకు పట్టింపు. రోగుల్లో ఎవరిని నమ్మాలి. ఎవరినో వెతకడం ఎందుకని, తానే పక్క గదిలోకి పోయి సీసా నింపి, దాని మీద నాలుగు అంకె వేసి, బల్ల మీద పెట్టమని సమ్మమ్మ చేతికిచ్చాడు.

వసారాలో నిలబడి ఉన్న అయిదుగురి పక్క నుంచి పోతూ సమ్మమ్మ పెదవులు కదపకుండా అంది, “నాలుగోది సాబుది. ఫికర్ చెయ్యకున్రి, దాంట్ల ఏం ఉండది.”

ఆమెకు వాళ్ల మీద ఉన్న ప్రేమ అది. అయిదుగురిలో ముగ్గురికి ఆ ఒక్క మాటతో మోపు దిగినట్టయింది. నాలుగో సీసా మూత కూడా తీయకుండా, దోషం లేదు అని ముందే రాసుకున్నారు. జయరాజు పద్ధతి మనిషి, ఉడికించాడు. గొట్టం ఎర్రబడేసరికి, సరిగ్గా కడగలేదు కాబోలు అనుకుని పారబోసి, వాళ్లు రాసిందే రాశాడు.

అనసూర్య గొట్టం కూడా ఎర్రబడింది. మొదట ఆకుపచ్చ, కళ్లముందే పసుపు, అంతలోనే ఇటుక. ఆమె గొట్టం మార్చి, స్వయంగా కడిగి, మళ్లీ ఉడికించింది. మళ్లీ ఇటుకే. మందే చెడిపోయిందా అని అనుమానం వచ్చి అదే మందులో రెండో సీసాది వేసి ఉడికిస్తే నీలంగానే మిగిలింది. మందు మంచిదే. మూడోసారి నాలుగో సీసాది. అదే ఎరుపు. అటు వైపు కుర్చీలో కిషన్ రావు కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయనను చూసింది, గొట్టాన్ని చూసింది. పెద్ద డాక్టరు, తనకు జబ్బు ఉంటే తనకు తెలియదా అనుకుంది. అయినా తన కంటికి కనపడిన రంగు కనపడలేదని ఎట్లా అనాలి. గంట కొట్టేలోగా కలం ముంచి రాసింది. నాలుగో సీసా: చక్కెర ఉంది, చాలా ఉంది, మూడుసార్లు చూశాను.

కాగితాలు విమలమ్మ గదిలోకి పోయాయి. కాసేపటికి అనసూర్యకు పిలుపు వచ్చింది. లోపల కిషన్ రావు ఆమె కాగితాన్ని విడిగా పెట్టుకుని ఉన్నాడు. విమలమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది.

“నాలుగో సీసా ఎవరిదో ఎరుకేనా?” అని అడిగాడు ఆయన.

అబద్ధం చెబితే సమ్మమ్మ బతుకుతుంది. కానీ అనసూర్యకు అబద్ధం త్వరగా తోచలేదు. “ఎరుకే సాబ్,” అంది.

“ఎరుకుండే గిట్ల రాసినవా?” ఎవరు చెప్పారో అడగడం ఆయనకు తోచలేదు.

“సీసా మీద పేరు లేకుండె సాబ్. నంబరే ఉండె.”

ఆయన మొహం ఎర్రబడింది. ముప్పై ఏళ్లుగా రోగులను చూస్తున్నానని, తనకు ఏ రోగమూ లేదని, ఆరోగ్యం ఉన్న మనిషిని రోగి అని రాసే చేతికి పట్టా ఇస్తే రేపు ఊళ్లు ఊళ్లే మంచం ఎక్కుతాయని అన్నాడు. అప్పుడు విమలమ్మ మెల్లగా, తప్పో ఒప్పో ఇక్కడే తేలుతుంది కదా, తమరి ముందే ఇంకోసారి చేయిద్దాం, కొత్త సీసాతో, అంది. ఆమె గొంతులో వేడుకోలు లేదు, బెదిరింపూ లేదు. కిషన్ రావు విసురుగా లేచి పక్క గదిలోకి పోయి వచ్చాడు.

దీపం వెలిగించారు. అనసూర్య మోచెయ్యి బల్లకు ఆనించి గొట్టాన్ని మంట మీద పెట్టింది. నీలం. బుడగలు వచ్చాయి. ఆకుపచ్చ. పసుపు. ఎర్రమట్టి అడుగుకు దిగినట్టు గొట్టం నిండా ఇటుక రంగు చేరుకుంది.

కిషన్ రావు గొట్టాన్ని తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత టోపీ తీసి బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చున్నాడు. టోపీ లేకుంటే ఆయన మామూలు మనిషిలాగా, కొంచెం అలసిపోయిన మనిషిలాగా ఉన్నాడు. రెండేళ్లుగా దాహం ఎక్కువైందని, ఎండ అనుకున్నానని, బరువు తగ్గితే వయసు అనుకున్నానని ఎవరికో చెబుతున్నట్టు చెప్పాడు. ఇదే మాట రోగి చెబితే ఒక్క నిమిషంలో కనిపెట్టేవాడినని కూడా అన్నాడు. విమలమ్మ గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చింది. ఆయన ఆ గ్లాసును చూసి, చిన్నగా నవ్వి, తాగాడు.

ఫలితం మాత్రం చెప్పకుండానే ఆ సాయంత్రం బండి ఎక్కి పోయాడు. పదిరోజులు ఏ కబురూ లేదు. అనసూర్యకు అన్నం సయించలేదు. సంగతి విన్న రాములవ్వ, పోతే పోనియ్యి బిడ్డా, కండెలు చుట్టుకుందాం అంది. పర్శరాములు ఆ ఎరుపు ఏ ఎరుపు, కుంకుమా, మట్టా అని రంగు గురించే వివరంగా అడిగి, ఆమె తడుముకోకుండా మట్టి అనగానే తల ఊపాడు. ఆమె పొరపాటు పడలేదని ఆయనకు అంతటితో తేలిపోయింది.

పదకొండో రోజు టపాలో జాబితా వచ్చింది. అనసూర్య మొదటిది. మిగతా నలుగురూ నెల తర్వాత మూత్ర పరీక్ష మళ్లీ చేసి చూపాలి. జయరాజు ఆమె దగ్గరికి వచ్చి, తన గొట్టం కూడా ఎర్రబడిందని, భయపడి రాయలేదని చెప్పాడు. ఆ మాట ఎవరికీ చెప్పొద్దని మాత్రం అడగలేదు. నెల తర్వాత నలుగురూ నెగ్గారు. జయరాజుకు డోర్నకల్‌లోనే పని దొరికింది. అనసూర్య విమలమ్మ పక్కనే హన్మకొండలో ఉండిపోయింది.

జూన్ నెలలో ఒక రోజు జయరాజు వాళ్ల నాన్న, రైలు గార్డు, హైదరాబాదు నుంచి వచ్చే బండి దిగి, అక్కడ తనకు అప్పగించిన ఒక చిన్న చెక్కపెట్టె పంపించాడు. లోపల ఊకలో ఒక సీసా. చెడిపోకుండా రెండు చుక్కల మందు కలిపి ఉంది. చీటీ మీద రోగి పేరు కొమురెల్లి అని, వయసు యాభై రెండు అని, ఫలితం ఫలానా చిరునామాకు కార్డు రాయమని ఉంది. చిరునామా కిషన్ రావుదని చూసి విమలమ్మ, అనసూర్య ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హైదరాబాదులో పరీక్ష చేయించుకుంటే తోటి డాక్టర్లకు తెలిసిపోతుందని ఆయన బిడియం. అందుకని నెలకొకసారి ఆయన సీసా రైలెక్కి వచ్చేది. అనసూర్య చూసి కార్డు రాసేది. కార్డును టపా వాళ్లు చదువుతారు కాబట్టి జబ్బు పేరు రాసేది కాదు, రంగు రాసేది. ఈ నెల కొమురెల్లికి ఇటుక. ఈ నెల కొమురెల్లికి నారింజ. చలికాలం నాటికి పసుపు, సంవత్సరం తిరిగేసరికి ఆకుపచ్చ.

ఒక మాఘమాసంలో మళ్లీ ఇటుక రంగు వచ్చింది. ఆమె రాసింది: కొమురెల్లి ఏదో పెళ్లికి పోయినట్టున్నాడు. నాలుగో రోజున జవాబు వచ్చింది. నిజమే, మేనకోడలి పెళ్లి, పథ్యం తప్పింది రెండు పూటలు మాత్రమే, ఇక ముందు జరగదు. హైదరాబాదులో నలుగురు నౌకర్లు ఎదురు నిలబడి మాట్లాడలేని మనిషి రాసిన జవాబు అది. విమలమ్మ ఆ కార్డు చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వింది.

నలభై ఎనిమిదిలో, రాజ్యం మారే గొడవల్లో, కొన్ని నెలలు పెట్టెలు రాలేదు. రైళ్లు సరిగ్గా నడవని, పొద్దుగూకితే ఎవరూ బయటికి రాని రోజులవి. కొమురెల్లి ఎట్లా ఉన్నాడో అని అనసూర్య బండి వచ్చే ప్రతి రోజూ అనుకునేది. ఆ గొడవలు సర్దుకున్నాక, చలికాలంలో ఒక పొద్దున, సీసా రాలేదు, మనిషే వచ్చాడు. షేర్వాణీ వదులైంది, నడక చురుకైంది. మిగతా రోగులతో పాటు బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన వంతు వచ్చినప్పుడు గొట్టం లేత ఆకుపచ్చ దగ్గర ఆగిపోయింది. అప్పుడు ఆయన తాను వచ్చిన పని చెప్పాడు. హైదరాబాదులో ఇట్లాంటి తరగతే పెద్దగా పెడుతున్నారు, పాఠం చెప్పడానికి నువ్వు రావాలె అన్నాడు.

అనసూర్య ఒక రోజు గడువు అడిగింది. అంత పెద్ద ఊళ్లో, అంతమంది మధ్య తనకు నప్పుతుందా అని ఆలోచించింది. పరకాలలో కొత్తగా తెరిచిన దవాఖానకు పరీక్షలు చేసే మనిషే లేడని, అక్కడి జ్వరాల వాళ్లు రెండు రోజులు బండి కట్టుకుని హన్మకొండకు వస్తున్నారని ఆమెకు తెలుసు. మరునాడు అదే చెప్పింది. హైదరాబాదుకు మనుషులు దొరుకుతరు సాబ్, పరకాలకు దొరకరు, మీరు చెయ్యగలిగితే అక్కడికి ఒక మైక్రోస్కోపు ఇప్పించండి అంది. కిషన్ రావు వాదించలేదు. రెండు నెలల్లో మైక్రోస్కోపు వచ్చింది. ఆయన సీసాలు కూడా అప్పటి నుంచి పరకాల దారి పట్టాయి.

నలభై తొమ్మిది వేసవిలో అనసూర్య పరకాల చేరింది. బడి వెనక ఒక గది అద్దెకు తీసుకుంది. మొదటి పదిరోజులు వేలు చాపడానికి అందరూ జంకారు. ఆ తర్వాత అంగడి రోజుల్లో వసారా పట్టేది కాదు. ఆ బడిలో సిద్దిరాములు అని ఒక పంతులు ఉండేవాడు. చేనేత కుటుంబం వాడే, పాతికేళ్లు దాటాయి. ఒకరోజు జ్వరమని వచ్చాడు. రక్తం చూస్తే ఏమీ లేదు. మళ్లీ వారం తలనొప్పని వచ్చాడు. ఏమీ లేదు. మూడోసారి ఏ బాధతో వచ్చాడో చెప్పలేక నీళ్లు నమిలాడు.

“మీ రక్తం మంచిగనే ఉంది పంతులూ,” అంది అనసూర్య. “ఊకూకె పొడిపించుకుంటే వేలు పాడైతది.”

అయితే ఇంకో వేలు ఇస్తానని చెయ్యి చాపాడు అతను. ఆమె నవ్వు ఆపుకుని, జ్వరం లేదని తెలిసే, మెల్లగా పొడిచింది. ఆ తర్వాత వారం సిద్దిరాములు నాలుగోసారి వచ్చినప్పుడు, పిల్లను అడగడానికి వెంట వాళ్ల అమ్మ కూడా వచ్చింది.